పాత టర్బో, కొత్త టర్బో: మన త్రోవకు తగిన డీజిలింజను నెన్నుకొనుట

తెలంగాణమందలి ఇతర పల్లెలలో వలెనే మంజీరా తీరమునగల బీర్కూరు ప్రాంతమునను డీజిలు యంత్రము మొదట కారు రూపమున రాలేదు. బావినీరు తోడిపోయు ఆయిలింజనుగా వచ్చి, దుక్కి దున్ను ట్రాక్టరుగా స్థిరపడి, నేడు వరికోత యంత్రముగా పంటకాలమున పొలములందు సంచరించుచున్నది. 1931లో పూర్తియైన నిజాంసాగరు జలములతో సేద్యమగు ఈ సీమలో డీజిలుతో పరిచయము లేని రైతు కుటుంబము అరుదు గావున, కారు కొనవలెనను సంకల్పము కలిగినపుడు గృహస్థుని చిత్తము సహజముగనే ఆ వైపునకు మొగ్గుచుండును. ఈ మొగ్గు నిందింపదగినది కాదు. అయితే ట్రాక్టరును ఏండ్లకొలది నడిపినవాని అనుభవము పాత తరపు డీజిలు కారునకు ఎంత చక్కగా ఉపకరించునో, కొత్త తరపు కారునకు అంతగా ఉపకరింపదు. రెండింటికిని పేరొక్కటే, ఇంధనమొక్కటే. ధర్మములు మాత్రము వేరు. ఈ భేదమును గుర్తింపక చేసిన కొనుగోళ్లే పిదప పశ్చాత్తాపమునకును, వృథావ్యయమునకును హేతువులగుచున్నవి.

కావున ఈ అధ్యాయమున ప్రతిపాదింపబోవునది ఒక్కటే విషయము: పాత ఇంజను గొప్పదా, కొత్త ఇంజను గొప్పదా యను ప్రశ్నకు ముందు, మనము ఏ త్రోవన, ఎంత దూరము, ఎంతటి శ్రద్ధతో తిరుగువారమను ప్రశ్నకు నిజాయితీతో సమాధానము చెప్పుకొనవలెను. ఆ సమాధానము దొరకినచో ఇంజను ఎంపిక తనంతట తానే తేలిపోవును. అందుకు ముందుగా ఈ యంత్రములు ఎట్లు పనిచేయునో కొంత తెలిసియుండుట అవసరము.

1. టర్బో యనగానేమి?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వతో ఇంధనమును మండింతురు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. ఒట్టి గాలిని సిలిండరులోనికి పీల్చి, దానిని పదునారవ వంతునకో, ఇరువదవ వంతునకో, అంతకు మించియో కుదించినచో ఆ గాలి ఎంతగా కాగిపోవుననగా, అందు సన్నని తుంపరగా చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1892లో ఈ తత్త్వమునకు పేటెంటు కోరి, ఐదేండ్లు పరిశ్రమించి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున చక్కగా పనిచేయు యంత్రమును లోకమునకు చూపెను. డీజిలునకు మితవ్యయము అబ్బుటకు కారణము ఈ అధిక సంపీడనమే.

అయితే ఎంత గాలి లోపలికి పోయిన అంత ఇంధనమునే మండింప వీలగును. కొలిమి యొద్ద తిత్తి నూదినకొలది బొగ్గు రాజుకొనునట్లు, ఇంజనులోనికి గాలిని బలవంతముగా నూదినచో అదే సిలిండరు అధికశక్తి నిచ్చును. ఆ నూదుట కొరకు వేరొక శక్తిని వెచ్చింపక, పొగగొట్టము గుండ వృథాగా వెలువడు వేడివాయువుల చేతనే ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసుకు రెండవ కొసన గల మరొక చక్రముతో గాలిని నూదించు ఉపాయమునకు స్విట్జర్లండు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. అదియే టర్బో. నౌకలలోను, రైలు ఇంజనులలోను, లారీలలోను పేరు పొందిన పిమ్మట, 1978లో మెర్సిడెస్ బెంజి సంస్థ 300 ఎస్‌డి అను వాహనముతో ఈ ఉపాయమును డీజిలు కారులోనికి తెచ్చెను.

టర్బో ఇరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. అంతటి వేగమున దానిని మోయునది ఇంజనాయిలు పొర మాత్రమే. ఈ యొక్క సంగతిని మనస్సున నిలుపుకొన్నవాడు, పాతదైనను కొత్తదైనను, తన టర్బోను చిరకాలము కాపాడుకొనగలడు.

2. పాత తరము: పంపు, నాజిలు, మెకానిక్ చేతి నేర్పు

మన రోడ్లపై డీజిలు కార్ల విస్తృతికి మొదటి ఘట్టము 1990ల దశకమున ఆరంభమైనది. 1994లో వచ్చిన టాటా సుమో, 1998 డిసెంబరులో వెలువడిన టాటా ఇండికా, 2000లో వచ్చిన టయోటా క్వాలిస్ గ్రామములకును పట్టణములకును నడుమ రాకపోకల స్వరూపమునే మార్చినవి. ఇండికాలోని 1405 సీసీ ఇంజను తొలుత టర్బో లేనిదే. పిదప టర్బో తోడైనది. క్వాలిస్ తుదివరకు టర్బో లేకయే సాగినది. 2002లో మహీంద్రా స్కార్పియో 2.6 లీటర్ల టర్బో డీజిలుతో ప్రవేశించి, పల్లె త్రోవలకును దూరప్రయాణములకును ఒక్క బండియే చాలునను విశ్వాసమును కలిగించెను. అదే సంస్థవారి బొలెరో నాటినుండి నేటివరకు తెలంగాణ గ్రామసీమలలో చెక్కుచెదరని ఆదరణ పొందుచున్నది.

ఈ తరమునకు ప్రాణము మెకానికల్ పంపు. ఇంజనుతో కలసి తిరుగుచు, ఏ సిలిండరునకు ఎప్పుడు ఎంత డీజిలు పంపవలెనో ఆ పంపే తన స్ప్రింగులతోను, తూకపు గుండ్లతోను నిర్ణయించుకొనును. మిక్కిలి పాత రకములలో డీజిలును ప్రధానమైన సిలిండరులో గాక ప్రక్కనున్న చిన్న గదిలో చిమ్ముదురు. అచ్చట రెండు వందల బార్లకు లోపు ఒత్తిడియే చాలును. సాధారణ వాతావరణపు ఒత్తిడి సుమారొక బారని తెలిసినచో ఈ అంకె తాత్పర్యము బోధపడగలదు. తరువాతి రకములు డీజిలును సూటిగా సిలిండరులోనికే చిమ్మి మైలేజిని పెంచినవి. అయితే వాటి దడదడ శబ్దము దూరము నుండియే వినవచ్చును.

ఈ ఇంజనుల సుగుణములు ప్రశంసనీయములు. ఇవి సరళములు. స్పానర్లు, నాజిలు పరీక్షించు చేతిపంపు, అనుభవముగల చెవి ఉన్న మెకానిక్ మండల కేంద్రముననే వీటిని విప్పి బాగుచేయగలడు. పంపు కాలిబ్రేషను కొరకు మాత్రము పట్టణములోని పనివాని యొద్దకు పోవలెను. బ్యాటరీ మందగించినను త్రోసి స్టార్టు చేయవచ్చును. డీజిలు నాణ్యత కొంత తగ్గినను ఇవి ఓర్చుకొనును. శక్తిని మితముగా రాబట్టుకొనునవి గావున, ఆయిలు వేళకు మార్చినచో లక్షల కిలోమీటర్లు తిరిగినను బోరునకు రాకుండ నిలిచినవి అనేకములు.

దోషములును అంతే స్పష్టములు. యాక్సిలరేటరు త్రొక్కినంతనే బండి అందుకొనదు. చుట్లు పెరిగి, టర్బో మేల్కొనువరకు నిరీక్షింపవలెను. ఒకే వరుస గల రోడ్డుపై ఎదుట చెరకు ట్రాక్టరును దాటబోవు వేళ ఈ జాగు ప్రమాదకరమైనది. చలికాలపు ఉదయమున హీటరు ప్లగ్గులు కాగువరకు ఓపిక పట్టవలెను. అన్నింటికి మించినది పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చెను. బడికి నడచిపోవు పిల్లల ముఖముపై నల్లనిపొగ వదలుచు సాగు వాహనము యజమానికి ఎంత ఆదా చేసినను, ఊరికి చేయు నష్టము ఆ లెక్కలో చేరవలసినదే.

3. నడిమి తరము: కామన్‌రైలు

1997లో ఇటలీదేశపు ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్‌రైలు పద్ధతి కార్లలో ప్రవేశించినది. ఇందు పంపు చేయు పని ఒక్కటే: డీజిలును మిక్కిలి అధికమైన ఒత్తిడితో ఒక ఉమ్మడి గొట్టమున నింపియుంచుట. ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో నిర్ణయించునది కంప్యూటరు. దాని ఆజ్ఞచే తెరచుకొనునవి విద్యుత్తుతో పనిచేయు ఇంజెక్టర్లు. తొలినాళ్లలో ఈ ఒత్తిడి సుమారు 1350 బార్లు. నేటి ఇంజనులలో రెండువేల బార్లకును, కొన్నింట అంతకు మించియు చేరినది. ఒక్క మంటకు ఒక్కసారి గాక, ముందు కొంచెము, పిదప ప్రధానభాగము, చివర మరికొంచెముగా అనేక పర్యాయములు చిమ్ముటచే మంట మెత్తనై, దడదడ తగ్గి, పొగ సన్నగిల్లినది.

మనదేశమున 2002లో హ్యుందాయ్ యాక్సెంటు సీఆర్‌డీఐ ఈ పద్ధతిని సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చినది. 2007లో మారుతి స్విఫ్టులో అమర్చిన ఫియట్ వారి 1248 సీసీ మల్టీజెట్ ఇంజను 75 అశ్వశక్తిని, 190 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చుచు అపారమైన ప్రజాదరణ పొంది, పలు కంపెనీల కార్లలో అమరినది. 2008లో వచ్చిన ఇండికా విస్టాలోనికి సైతము ఆ ఇంజనే వేరొక పేరుతో చేరినది.

తరముల భేదమును అంకెలతో చూడగోరువారు టయోటా వారి మూడు వాహనములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. క్వాలిస్‌లోని టర్బో లేని 2446 సీసీ ఇంజను శక్తి సుమారు 75 అశ్వశక్తి. 2005లో దాని స్థానమున వచ్చిన ఇన్నోవాలో 2494 సీసీల టర్బో కామన్‌రైలు ఇంజను 102 అశ్వశక్తిని, 200 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చెను. 2016 నాటి ఇన్నోవా క్రిస్టాలో 2393 సీసీ ఇంజను 150 అశ్వశక్తిని, మాన్యువల్ గేర్ల రకములో 343 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చుచున్నది. సిలిండర్ల పరిమాణము దాదాపు అంతే. శక్తి మాత్రము రెట్టింపైనది. ఈ వృద్ధికి కారణములు మూడు: అధిక ఒత్తిడితో చిమ్ముట, నూదిన గాలిని చల్లార్చి చిక్కపరచు ఇంటర్‌కూలరు, ఇంజను చుట్లను బట్టి టర్బోలోని రెక్కల వాలును మార్చుకొను ఏర్పాటు. ఈ మూడవదాని వలన తక్కువ చుట్లలోనే టర్బో మేల్కొని, పూర్వపు జాగు చాలవరకు తొలగిపోయినది.

ఈ సౌఖ్యమునకు చెల్లింపవలసిన మూల్యమును గలదు. ఇంజెక్టరులోని కదలు భాగముల నడుమ సందు మైక్రానులలో కొలువదగినది. కిరోసిను కలిసిన డీజిలును, నీటిచుక్కను పాత పంపు కొంతకాలము భరించును గాని కామన్‌రైలు భరింపదు. వాటికి జిడ్డుగుణము లేనందున అధిక ఒత్తిడిలో పంపు అరిగి, ఆ లోహపు రజను గొట్టములన్నింట వ్యాపించి, ఇంజెక్టర్లు అన్నియు చెడును. మరమ్మతు స్పానరుతో గాక స్కానరుతో ఆరంభమగును. మెకానిక్ చెవి ఎంత సూక్ష్మమైనదైనను, సెన్సారు చెప్పు మాటను అది వినలేదు.

4. కొత్త తరము: 2020 తరువాతి బండ్లు

వాయు కాలుష్యమును అరికట్టుటకు కేంద్రప్రభుత్వము భారత్ స్టేజి ప్రమాణములను క్రమముగా కఠినపరచుచు వచ్చినది. నాలుగవ స్థాయి 2010లో హైదరాబాదు వంటి మహానగరములకును, 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటికిని వర్తించెను. అయిదవ స్థాయిని విడిచి, 2020 ఏప్రిల్ 1 నుండి ఆరవ స్థాయిని, అనగా బీఎస్ 6ను, దేశమంతట ఒక్కసారిగా అమలుపరచిరి. డీజిలులో గంధకము మూడవ స్థాయిలో పదిలక్షల భాగములకు 350 పాళ్లు. నాలుగవ స్థాయిలో 50. నేడు 10 మాత్రమే. డీజిలు కారు వెలువరింపదగిన నత్రజని ఆక్సైడ్లు కిలోమీటరునకు 0.25 గ్రాముల నుండి 0.08 గ్రాములకును, మసి 0.025 గ్రాముల నుండి 0.0045 గ్రాములకును తగ్గింపబడినవి. ఫోక్స్‌వాగన్ సంస్థ పరీక్షశాలను వంచించు సాఫ్టువేరును తన డీజిలు కార్లలో అమర్చినదని 2015లో అమెరికాలో బయల్పడిన పిమ్మట, రోడ్డుపై నడచుచుండగనే పొగను కొలుచు విధానము ప్రాధాన్యము వహించినది. మనదేశమున అది 2023 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది.

ఈ ప్రమాణములను అందుకొనుటకు ఇంజను వెనుక ఒక శుద్ధి వ్యవస్థ చేరినది. అందు ముఖ్యమైనది డీపీఎఫ్ అను మసి జల్లెడ. పొగలోని మసి ఇందు చిక్కుకొని నిలిచిపోవును. జల్లెడ నిండినపుడు కంప్యూటరు దానిని సుమారు ఆరువందల డిగ్రీల వరకు వేడిచేసి, మసిని కాల్చివేయును. దీనినే రీజనరేషన్ అందురు. ఇది నిర్విఘ్నముగా జరుగవలెనన్నచో బండి కొంతసేపు ఏకధాటిగా, మంచివేగముతో సాగవలెను. నాలుగు కిలోమీటర్లు పోయి ఆగి, మరల మూడు కిలోమీటర్లు పోయి ఆగు బండిలో మసి కాలుట మధ్యలోనే నిలిచిపోవును. కాలని డీజిలు క్రిందికి జారి ఇంజనాయిలుతో కలియుటయు గలదు. అట్లు పలుచబడిన ఆయిలే టర్బో ఇరుసును మోయవలసి వచ్చినపుడు కలుగు కీడు వేరుగ చెప్పనక్కరలేదు.

కొన్ని బండ్లలో నత్రజని ఆక్సైడ్లను విరుచుటకు యూరియా ద్రావణమును పొగగొట్టములో చిమ్ము ఏర్పాటు గలదు. ఇందు 32.5 శాతము అత్యంత శుద్ధమైన యూరియా, మిగిలినది ఖనిజలవణములు లేని నీరు. వరిసాగు చేయు బీర్కూరు సోదరులకు ఇచ్చట ఒక హెచ్చరిక ముఖ్యముగా చేయవలసియున్నది. ఇంటిలో నున్న ఎరువు బస్తాలోని యూరియాను బోరునీటిలో కలిపి ఆ ద్రావణపు ట్యాంకులో పోయరాదు. ఎరువు యూరియా వేపనూనె పూతగలది. అందలి మలినములును, బోరునీటి సున్నమును ఆ వ్యవస్థను పాడుచేయును. పొదుపు కొన్ని రూపాయలు, నష్టము వేలలోనో, లక్షలలోనో యగును.

ఈ శుద్ధి వ్యవస్థ వ్యయము చిన్న కార్ల ధరను పెంచుటచే, 2020 ఏప్రిల్‌తో మారుతి సంస్థ డీజిలు కార్లను విరమించుకొన్నది. నేడు కొత్త డీజిలు ఎక్కువగా పెద్ద వాహనములలోనే దొరకుచున్నది. 2022లో వచ్చిన స్కార్పియో ఎన్ 2.2 లీటర్ల ఇంజనుతోనే 175 అశ్వశక్తి వరకు ఇచ్చుచున్నదనగా, 2002 నాటి 2.6 లీటర్ల ఇంజనుతో పోల్చిచూచిన వారికి ఇరువదియేండ్ల కృషి ఎంతటిదో విశదమగును.

5. ఖర్చును లెక్కించు విధము

2014 అక్టోబరులో ప్రభుత్వము డీజిలు ధరపై నియంత్రణను ఎత్తివేసిన పిదప, పెట్రోలునకును డీజిలునకును నడుమ పూర్వమున్న విశాలమైన అంతరము లేదు. కావున "డీజిలు చౌక" యను పాతమాటను నమ్మక, కాగితముపై లెక్క వేయవలెను. డీజిలు బండికి అధికముగా చెల్లించు ధరను, కిలోమీటరునకు మిగులు రూపాయలతో భాగించినచో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిన పిదప లాభము మొదలగునో తెలియును. ఉదాహరణకు అధిక ధర లక్షయేబది వేలు, ఆదా కిలోమీటరునకు రెండు రూపాయలు అనుకొందము. డెబ్బదియైదు వేల కిలోమీటర్లు తిరుగువరకు లాభము లేదు. ఏడాదికి పదివేలు తిరుగువానికి అది ఏడేండ్లకు మించిన కాలము. ముప్పదివేలు తిరుగువానికి రెండున్నరయేండ్లు. సర్వీసు వ్యయమును, బీమాను కూడ చేర్చినచో చిత్రము మరింత స్పష్టపడును.

పాత బండి కొనువాడు దాని వయస్సును లెక్కలోనికి తీసికొనవలెను. సొంత కారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు. పిదప ఫిట్‌నెసు పరీక్ష గెలిచి, అయిదేండ్లకొకమారు పునరుద్ధరించుకొనవలెను.

6. ఎవరికి ఏది తగును?

బీర్కూరు నుండి బాన్సువాడకు, పొలమునకు, తిమ్మాపూరు వేంకటేశ్వరుని ఆలయమునకు మాత్రమే తిరుగుచు, దూరప్రయాణము అరుదుగా చేయు కుటుంబమునకు బీఎస్ 6 డీజిలు తగదు. డీపీఎఫ్ నిండుటయు, దాని హెచ్చరిక దీపము వెలుగుటయు, షోరూమునకు పరుగెత్తుటయు వారికి నిత్యకృత్యమగును. వారికి పెట్రోలు కారు మేలు. ఈ మాట డీజిలు అభిమానులకు రుచింపకపోయినను సత్యము.

వారమునకొకటి రెండు మార్లైనను కామారెడ్డి మీదుగా 44వ జాతీయ రహదారిపై హైదరాబాదునకో, పిట్లము మీదుగా 161వ జాతీయ రహదారిపై నాందేడు వైపునకో పోవువారికి, ఏడుగురు మనుష్యులతోను సామానుతోను పయనించువారికి, కొత్త డీజిలును మించినది లేదు. రహదారిపై గంటసేపు సమవేగమున సాగు ప్రయాణమే దాని జల్లెడను శుభ్రపరచు ఔషధము.

పొలముగట్ల వెంబడి, కాలువకట్టల వెంబడి బరువులతో తిరుగుచు, మరమ్మతు ఊరిలోనే జరుగవలెనని కోరు రైతునకు, మంచిస్థితిలోనున్న పాత టర్బో డీజిలు నేటికిని అక్కరకు వచ్చును. అయితే పొగ పరీక్షలో నెగ్గునంతటి ఆరోగ్యము దానికి ఉండవలెను.

మితమైన ధరలో మైలేజిని, వేగమును కోరి, ఏడాదికి పదునైదు ఇరువదివేల కిలోమీటర్లు తిరుగు యువకునకు నడిమి తరపు కామన్‌రైలు, ముఖ్యముగా 2010 నుండి 2019 వరకు తయారైన బండి, సమతూకముగల ఎంపిక. అది శుద్ధమైన డీజిలు నొక్కదానిని తప్పక కోరును.

7. నిత్యము పాటింపదగిన నియమములు

ఒకటి: స్టార్టు చేసిన వెంటనే యాక్సిలరేటరును గట్టిగా త్రొక్కరాదు, ఆయిలు టర్బో వరకు చేరుటకు అర నిమిషము వ్యవధి నిచ్చి, తొలి కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడుపవలెను.

రెండు: రహదారిపై వేగముగా వచ్చి ఆగినపుడు తక్షణమే తాళము త్రిప్పక, ఒక నిమిషము ఇంజనును ఊరక తిరుగనీయవలెను. అట్లు చేయనియెడల కాగియున్న ఇరుసు చుట్టు నిలిచిన ఆయిలు మాడి బొగ్గగును.

మూడు: ఇంజనాయిలు మార్చుటలో గడువు దాటరాదు, డీపీఎఫ్ ఉన్న బండికి కంపెనీ సూచించిన తక్కువ బూడిద రకమునే పోయవలెను. ట్రాక్టరు కొరకు తెచ్చిన ఆయిలు డబ్బాను దీనికి వాడరాదు.

నాలుగు: కోతల కాలమున ట్రాక్టరుకై డ్రమ్ములలో నిలువయుంచిన డీజిలును కారులో పోయరాదు. వానకాలపు తేమ డ్రమ్ము గోడలపై నీరై అడుగున చేరును. డీజిలు ఫిల్టరులోని నీటిని నియమముగా వదలివేయవలెను.

ఐదు: వరికోతల దినములలో గాలిలో పొట్టు, దుమ్ము దట్టముగా నుండును. గాలి ఫిల్టరును గడువుకంటె ముందే చూచుకొనవలెను. ఇంటర్‌కూలరు, రేడియేటరు రెక్కలలో చిక్కిన పొట్టును మెల్లగా తొలగింపవలెను. ఫిల్టరు దాటిన ఇసుకరేణువు టర్బో చక్రపు రెక్కలను అరుగదీయును.

ఆరు: డీపీఎఫ్ దీపము వెలిగినపుడు భయపడి ఇంజను నాపక, మాన్యువలులో చెప్పిన వేగమున ఇరువది నిమిషములపాటు రహదారిపై నడుపవలెను. దీపము ఎర్రబడు వరకు ఉపేక్షించినచో షోరూము తప్ప శరణ్యము లేదు.

ఏడు: మంజీరా పొంగి లోతట్టు వంతెనలపై నీరు పారువేళ బండిని దింపరాదు. నీరు ఇంజనులోనికి ప్రవేశించినచో, కుదింపబడని ఆ నీటికి కనెక్టింగ్ రాడ్లు వంగిపోవును. ప్రాణభయము అంతకంటె పెద్దది.

ఎనిమిది: డీపీఎఫ్‌ను పెరికించి, పొగలో కొంతభాగమును మరల ఇంజనులోనికి పంపు ఈజీఆర్‌ను మూయించి పికప్ పెంచెదమను సలహాలను చెవి నిడరాదు. అది చట్టవిరుద్ధము, తోటివారి ఊపిరికి చేయు ద్రోహము.

8. వాడిన బండిని పరీక్షించుట

ఇంజను చల్లగా నున్నపుడే పోయి చూడవలెను. ముందుగానే వేడిచేసి ఉంచినచో సందేహింపవలెను. స్టార్టయిన పిదప పొగరంగును గమనింపుడు. నలుపు గాలి చాలలేదనియో, ఇంధనము మించినదనియో తెలుపును. నీలము ఆయిలు మండుచున్నదనియు, టర్బో సీలు పోయియుండవచ్చుననియు సూచించును. ఇంజను వేడెక్కినను వీడని తెలుపు కూలెంటు సిలిండరులోనికి కారుచున్నదేమో యను శంకకు తావిచ్చును. ఆయిలు పోయు మూత తీసినపుడు ఆవిరి బలముగా తన్నుకొని వచ్చినచో ఇంజను బోరునకు దగ్గరపడినది. బీఎస్ 6 బండి పొగగొట్టమున వ్రేలు పెట్టినపుడు దట్టమైన మసి అంటినచో దాని డీపీఎఫ్ పగిలినది, లేదా తీసివేయబడినది. కామన్‌రైలు బండికి స్కానరు పెట్టించి, దోషములు చెరిపివేయబడినవేమో కనుగొనుట తప్పనిసరి. ఆ పరీక్షకగు స్వల్పవ్యయమును లోభింపరాదు.

9. తుదిమాట

పాత టర్బో డీజిలు మెకానిక్ నైపుణ్యముపై ఆధారపడి బ్రతికినది; కొత్త టర్బో డీజిలు యజమాని అలవాట్లపై ఆధారపడి బ్రతుకుచున్నది. శక్తిలోను, శుభ్రతలోను, సుఖములోను కొత్తదే ఉత్తమమనుటకు సందేహము లేదు. కాని ఆ ఉత్తమత్వము తగిన త్రోవ, శుద్ధమైన డీజిలు, వేళతప్పని సేవ అను మూడును కలిసినపుడే దక్కును. కావున పాఠకులారా, షోరూము మెట్లెక్కుటకు ముందు ఒక నెలపాటు మీ ప్రయాణములను, దూరమును, ఆగిన తావులను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఇరుగుపొరుగువారి పొగడ్తను గాక ఆ పుస్తకమునే ప్రమాణముగా గ్రహించి, మీ త్రోవకు తగిన ఇంజనును కొనుడు. కొనిన పిదప, ఊరివారి ఊపిరికి హాని కలుగని రీతిని దానిని కాపాడుకొనుడు.